రెండుంబావు రికార్డు

కిందటి వేసవిలో మా మేనకోడలి కూతురి పెళ్ళికి రాజోలు అవతల ఒక ఊరు వెళ్ళాను. పగటి ముహూర్తం. ఊరి చివర, అద్దాల గోడలతో కొత్తగా కట్టినట్టున్న ఫంక్షన్ హాలు. లోపల ముందు సగంలో పెళ్ళి, వెనక సగంలో బల్లలు వేసి భోజనాలు. పనసపొట్టు కూర, దప్పళం అయ్యాక చారు పోయించుకున్నాను. అది విస్తట్లో నిలవలేదు. ఎదుటి అంచు వైపు బయల్దేరింది. అన్నంతో గట్టు కట్టాను. గట్టు పక్కనుంచి దారి చేసుకుని మళ్ళీ అటే పోయింది. పక్కన కూర్చున్నాయన పరిస్థితీ అదే. ఆయన వడ్డించే మనిషిని కేకేశాడు.

"ఏవండీ, ఈ బల్లకాళ్ళ కింద ఇటికముక్క ఏదైనా పెట్టించండి. చారంతా పెళ్ళికూతురి దగ్గరికి పోతోందండి."

"బల్లదేం తప్పు లేదండి. నేలే అలాగుందండి. పూర్వం సినిమా హాలండి ఇది."

నా చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. వెనక్కి తిరిగి గోడ పైభాగం చూశాను. రెండు చతురస్రపు కన్నాలు. ఒకదాన్ని సిమెంటుతో మూసేశారు. రెండోదానిలో గాలి బయటికి తోసే ఫ్యాను తిరుగుతోంది. ఊరు నాకు తెలిసిందే. ముందు భాగం కొట్టేసి అద్దాలు పెట్టడం వల్ల హాలుని గుర్తుపట్టలేదు. ఇది మామ్మగారి హాలు.

చేతులు కడుక్కుని వస్తుంటే ఖాకీ చొక్కా మనిషి ఒకతను ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. "లైసెన్సు గుమస్తాగారు కదండీ తమరు? నేనండి, ఆపరేటర్ సూర్రావుని. ఇప్పుడిక్కడ లైట్లు, జనరేటరూ చూస్తున్నానండి."

కుశల ప్రశ్నలయ్యాక అతనే అన్నాడు. "లీజుగారు పోయేరండి. మాఘమాసంలో. తమరికి కబురు తెలీదనుకుంటాను. ఉండండి సార్, జనరేటరు చూసొచ్చి మాటాడతాను."

అతను వెళ్ళాడు. నేను చివరి వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

లీజుగారు అన్నది ఆయన పేరు కాదు. పేరు ఉంది, నా దగ్గర కాగితాల మీద చాలాసార్లు చూశాను, కాని కోనసీమలో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. మొదట ఆయన సినిమా పెట్టెలతో పాటు పంపిణీదారు తరఫున వచ్చే ప్రతినిధి. పెట్టె ఏ ఊరికి వెళితే ఆ ఊరు, ఏ హాల్లో దింపితే ఆ హాలు ఆఫీసుగదిలోనే బల్లమీద పడక. తెల్ల పొట్టిచేతుల చొక్కా, నల్ల గొడుగు, జేబులో వక్కపొడి పొట్లం. మా ఆఫీసులో సినిమా హాళ్ళ లైసెన్సుల సీటు నాకు వచ్చిన ఏడాదే ఆయన కొత్తపేట దగ్గర ఒక హాలు లీజుకి తీసుకున్నారు. తనిఖీకి వెళ్ళినప్పుడు మొదటిసారి చూశాను.

తెర కింద, జనానికి ఎదురుగా, ఇనప మడతకుర్చీ వేసుకుని కూర్చున్నారాయన. వీపు తెరకి. సినిమా నడుస్తోంది. తెరమీది వెలుగంతా జనం మొహాలమీద పడుతోంది. ఆయన ఆ మొహాల్ని చూస్తున్నారు. పక్కకి వెళ్ళి, ఇదేం చూడడమండీ అని అడిగాను.

"బొమ్మ నేను చూడనండి. బొమ్మని చూసే వాళ్ళని చూస్తానండి. బొమ్మ అందరికీ ఒకటేనండి. మొహాలు మట్టుకు ఏ ఊరివి ఆ ఊరివేనండి."

ఇంటర్వెల్ అయ్యాక ఆయన ఉండరు. వేరే హాలుకి వెళ్ళిపోతారు. అందువల్ల ఏ సినిమా చివరా ఆయనకి తెలియదు.

కొత్త హాలు ఏదైనా చూడడానికి వెళితే ఆయన చేసే మొదటి పని, ఏదో ఒక కుర్చీ కింద చెయ్యి పెట్టి తడమడం. తర్వాత ఆ చేతిని వెలుతురులోకి తెచ్చి చూసుకునేవారు. ఒకసారి మలికిపురం వైపు ఒక హాలు యజమాని నొచ్చుకున్నాడు.

"నల్లులున్నాయేమోనని చూస్తున్నారా? మా హాల్లో ఒక్కటి కూడా లేదండి."

"అయితే వద్దండి" అన్నారు లీజుగారు. "నల్లి ఉంటేనే హాలు బతికున్నట్టండి. మనిషి వస్తేనే కదండీ అది ఉంటుంది."

ఆ యజమాని నవ్వాలో కోప్పడాలో తెలియక నావైపు చూశాడు.

తొంభై ఆరు తుఫానులో కోనసీమ కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. చెట్లతో పాటు సినిమా హాళ్ళ రేకులూ లేచిపోయాయి. ఆ హాళ్ళు కట్టినవాళ్ళంతా కొబ్బరి రైతులు. తోట ఒరిగిపోయిన మనిషి హాలు కప్పు ఏం చూసుకుంటాడు? బురద ఆరకముందే లీజుగారు లారీలో రేకులు వేసుకుని ఊరూరా తిరిగారు. లారీ ముందు సీట్లో గొడుగు మోకాళ్ళమధ్య పెట్టుకుని కూర్చునేవారట. "రేకులు నేను వేయిస్తానండి, హాలు నాకివ్వండి." ఇంతే ఆయన మాట. ఏడాది తిరిగేసరికి నా బీరువాలో తొమ్మిది ఫైళ్ళలో యజమానుల పేర్లు తొమ్మిది రకాలుగా ఉన్నాయి. లోపలి కాగితం మీద సంతకం ఒక్కటే.

మామ్మగారి హాలు ఆ తొమ్మిదింటిలో ఆఖరుది. ఆవిడ భర్త కొబ్బరితోట అమ్మి కట్టిన హాలు. ఆయన పోయి అప్పటికి చాలాకాలమైంది. హాలుకి వేరే పేరు ఉన్నా ఊళ్ళో అందరూ మామ్మగారి హాలనే అనేవారు. హాలుకి పంటకాలువ అవతల ఆవిడ ఇల్లు. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉండడంతో, లీజుకి ఆవిడ అంగీకార పత్రం తీసుకోవడానికి నేనే ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది. చదివి, మంచం పక్కన నిలబడ్డ లీజుగారితో ఇలా అంది.

"అబ్బాయ్, రేకులు నువ్వు వేయించుకో, జనాన్ని నువ్వు తెచ్చుకో. నాకు మట్టుకు రెండుంబావుకి రికార్డు వినపడాలి. అది వినపడితే నా హాలు ఉన్నట్టు. హాలు మూసేసిన రోజున నా తాళం నాకిచ్చెయ్యి."

"ఆయ్. మూసేది లేదండి మామ్మగారూ."

"మాట?"

"ఆయ్, మాటేనండి."

మ్యాటినీ రెండున్నరకి. పావుగంట ముందు హాలు మీది గొట్టం మైకులో స్వామివారి పాట వేసేవారు. క్యాసెట్లు వచ్చి చాలాకాలమైనా దాన్ని రికార్డనే అనేవారు. అది విని జనం బయల్దేరేవారు. సినిమాకి రానివాళ్ళకీ అది గడియారమే. చేలో ఆడవాళ్ళు కూడు తిని నడుం వాల్చి, రికార్డు విని లేచేవారు. మామ్మగారికైతే ఆ పాట తర్వాత గంట, గంట తర్వాత ఈలలు, ఇంటర్వెల్లో సైకిళ్ళ స్టాండు గోల, అన్నీ వరసగా మంచంలోంచే వినపడేవి. ఆవిడకి ఇంకో అలవాటు ఉంది. తనని చూడడానికి వచ్చినవాళ్ళకి చీటీ రాసిచ్చేది. 'ఈ చీటీ తెచ్చినవారిని ఒకరిని కుర్చీకి పంపగలరు.' పాలావిడకి, కొబ్బరి దింపేవాళ్ళకి, మందుల షాపాయనకి. గేటు మనిషి ఆ చీటీ సగం చింపి లోపలికి పంపేవాడు.

తర్వాత కొద్దికాలానికి నగరం నుంచి ఒక పెద్ద కంపెనీ వచ్చింది. జిల్లాలకి జిల్లాలే వాళ్ళ చేతిలో హాళ్ళున్నాయి. కొత్త బొమ్మలన్నీ వాళ్ళ హాళ్ళకే వెళ్ళేవి. తొమ్మిది హాళ్ళున్న లీజుగారికి పెట్టెలు రావడం ఆగిపోయింది. ఆరు నెలలు చూసి ఆయన తొమ్మిది లీజులూ వాళ్ళకి ఒప్పజెప్పి, అవే హాళ్ళకి జీతం మీద మేనేజరుగా ఉండిపోయారు. మామ్మగారి లీజు కాగితం మీద మాత్రం ఆవిడ ఇంకొకరి పేరు ఒప్పుకోదని ఆయన పేరే ఉంచారు.

అమలాపురంలో మా ఆఫీసు ఎదుట టీ దుకాణం దగ్గర ఒక హాలు యజమాని ఆయన్ని ఆటపట్టించడం నేను విన్నాను.

"ఏవండీ లీజుగారూ, మీకూ ఒక లీజుగారు దొరికేరటగా?"

"ఆయ్" అన్నారాయన గ్లాసు కింద పెట్టి. "నా రేకులూ ఎగిరిపోయేయండి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. మేఘం కూడా లేని రోజు, గొడుగు విప్పుకుని వెళ్ళారు.

మామ్మగారి ఊళ్ళోనే, రోడ్డు పక్కన అవతలి చివర, కంపెనీకి ఇంకొక హాలు ఉంది. కొత్త కుర్చీలు, కొత్త సౌండు. ఒక ఊరికి రెండు హాళ్ళెందుకని కంపెనీవాళ్ళు పాతదాన్ని మూసెయ్యమన్నారు. వదులుకోమనలేదు. వదిలితే ఇంకొకరెవరో తీసుకుని తెరుస్తారు. లీజు తమ చేతిలోనే ఉండాలి, హాలు చీకటిగా ఉండాలి. అది వాళ్ళ వ్యాపార పద్ధతి. ఇలా చీకటిపడ్డ హాళ్ళ ఫైళ్ళు నా బీరువాలో ఇంకొన్ని ఉండేవి.

మామ్మగారి హాలు లైసెన్సు పునరుద్ధరణకి దరఖాస్తు వచ్చింది. ఆటలు నడుస్తున్నాయో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. మధ్యాహ్నం ఒకటిన్నరకి బస్సు దిగాను. సైకిళ్ళ స్టాండులో మోకాలెత్తు గడ్డి. బుకింగ్ కిటికీకి లోపలినుంచి చెక్క కొట్టేసి ఉంది. గోడమీద పోస్టరు తాలూకు సగం మొహం. లీజుగారు గొడుగుతో ఎదురొచ్చారు.

"ఏడాది దాటిందండి మూసి. తమరి దగ్గర దాచనండి. మామ్మగారు తమరొస్తున్నారని విని తీసుకురమ్మన్నారు. ఆవిడ దగ్గర మట్టుకు ఏమీ అనకండి, దణ్ణం పెడతాను."

"ఆవిడకి తెలీదా?"

"రికార్డు వేయిస్తున్నానండి. రోజూ. సూర్రావు వచ్చి వేసి వెళ్తాడు. చీటీలు ఆ కొత్త హాల్లో తీసుకుంటున్నారండి, నేను చెప్పి ఉంచేను. ఊళ్ళో ఎవరూ ఆవిడకి చెప్పలేదండి."

ఇది దయ అనుకోవాలో వ్యాపారమనుకోవాలో నాకు అప్పుడు తెలియలేదు. ఈనాటికీ తెలియదు. తెలిస్తే ఆవిడ తాళం అడుగుతుంది. తాళం ఇస్తే కంపెనీ ఈయన్ని ఉంచదు. అంతవరకూ వ్యాపారం. కాని ఆ చీటీలు తీసుకోమని ఆయనకి ఏ కంపెనీ చెప్పింది?

మామ్మగారు దిండుకి చేరగిలబడి ఉంది. మమ్మల్ని కూర్చోమంది. నాకు కొబ్బరినీళ్ళు ఇప్పించింది. గ్లాసు నా చేతిలో ఉండగానే కాలువ అవతల రికార్డు మొదలైంది. ఆవిడ వేలు పైకెత్తింది. ముగ్గురం పాట పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత గంట. గంట తర్వాత కాలువమీద బాతుల చప్పుడు, అంతే.

"వింటున్నారా బాబూ? రికార్డు వినపడుతోంది. ఈలలు వినపడవు. ఈలలేవిరా అబ్బాయ్ అంటే, ఈ కాలం జనం ఈల వెయ్యరండి అంటాడు. మీరు ప్రభుత్వం మనిషి. చెప్పండి. జనం వస్తున్నారా?"

లీజుగారు గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నారు.

"నిండా కాదు గాని, వస్తున్నారండి" అన్నాను.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆడమనకుండానే నేనాడిన మొదటి అబద్ధం అదే. ఆవిడ తలగడ కిందనుంచి కాగితం తీసి చీటీ రాసి నాకిచ్చింది. "మ్యాటినీ చూసి రండి. వెళ్ళేటప్పుడు ఇలా వచ్చి బొమ్మ ఎలా ఉందో చెప్పి వెళ్ళండి."

చీటీ పట్టుకుని హాలుకి వెళ్ళాం. ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు కనిపించలేదు. తడిసిన గోనెసంచి వాసన. గేటు దగ్గర లీజుగారు చెయ్యి చాపారు. నవ్వులాటకి అనుకున్నాను. కాదు. చీటీ తీసుకుని సగం చింపి, సగం నాకిచ్చారు. నడవ పక్క కుర్చీ తుడిచి కూర్చోబెట్టారు. పైకి చూసి, "సూర్రావూ, లైటు వెయ్యి" అన్నారు.

కన్నంలోంచి వెలుగు వచ్చి తెరమీద పడింది. బొమ్మ లేదు. వట్టి తెల్లటి వెలుగు, అందులో చెమ్మ మరకలు. ఆయన ఇనప కుర్చీ తెచ్చుకుని తెర కింద నాకు ఎదురుగా కూర్చున్నారు. వెలుగు వెనకనుంచి పడుతోంది కనక ఆయన మొహం నాకు కనిపించలేదు. నా మొహం ఆయనకి కనిపిస్తూనే ఉంటుంది.

"బొమ్మ మొదలైందండి" అన్నారు. "ముందు పది నిమిషాలూ జనం సర్దుకోరండి. చంటిపిల్లలు ఏడుస్తారు. అదిగో, ఆ మూల ఆవిడ పిల్లని భుజాన్నేసుకుని లేచింది చూడండి."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. తిరిగినందుకు సిగ్గేసింది.

"ఇప్పుడు హీరో వచ్చేడండి. నేల క్లాసంతా లేచి నిలబడ్డారు. ఈ వరస వాళ్ళు కూర్చోండెహె అని అరుస్తున్నారు. ఆ ముసలాయన మట్టుకు నవ్వడండి, ఎంత నవ్వొచ్చినా నవ్వడు. నోరు ఇలా బిగించుకుంటాడు."

ఈసారి నేను తిరగలేదు. వరసలు వరసలుగా మనుషులు కూర్చుని నా తల మీదుగా ఆ తెల్లటి తెరని చూస్తున్నట్టే ఉంది. ఆయన ఒక్కొక్కరినీ చూపిస్తూ వెళ్ళారు. ఎవరు ఎక్కడ కళ్ళొత్తుకుంటారో, ఎవరు నిద్రపోతారో, పాట రాగానే ఎవరు బీడీకి లేస్తారో. ఏ సినిమాయో అడగలేదు. అడగాలని తోచలేదు.

"ఇక్కడ ఈల పడాలండి. నాకు ఈల వెయ్యడం రాదండి. సూర్రావుకీ రాదు. వచ్చుంటే మామ్మగారికి ఆ లోటూ ఉండేది కాదండి."

ఇంటర్వెల్ వేళకి లేచి నా దగ్గరికొచ్చారు. పక్క కుర్చీ కింద చెయ్యి పెట్టి తడిమారు. చేతిని ఆ తెల్లటి వెలుగులో పెట్టి ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు.

"నల్లి కూడా లేదండి" అన్నారు.

కాసేపటికి నేనడిగాను. "చివర ఏమయిందని చెప్పనండీ ఆవిడకి?"

"అది నాకు ఏ బొమ్మకీ తెలీదండి. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేరని చెప్పండి. ఏ బొమ్మకైనా సరిపోతుందండి."

సాయంత్రం దాకా అక్కడే ఉండి, నేనొక్కణ్ణే మామ్మగారింటికి వెళ్ళాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారని చెప్పాను. నేల క్లాసు లేచి నిలబడిందని, నవ్వని ముసలాయన సంగతి, అన్నీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఎక్కడ కూర్చున్నారు?"

"నడవ పక్కనండి, మూడో వరస."

"అక్కడ ఫ్యాను ఒకటి గొణుగుతూ ఉండాలి. ఇంకా గొణుగుతోందా?"

"గొణుగుతోందండి."

ఆవిడ కళ్ళజోడు తీసి నావైపు చూసింది. తర్వాత మంచం కిందికి వేలు చూపించింది. వంగి చూశాను. రెక్కలు వంకరపోయిన పాత ఫ్యాను.

"తుఫానుకి ఎగిరొచ్చి మా పెరట్లో పడింది బాబూ అది. కొత్తది వేయించేడేమోనని అడిగేను. కొత్తదైతే గొణగదు కదా."

వంగినవాణ్ణి లేచి కూర్చున్నాను. ఆవిడే అడిగింది.

"ఎన్నాళ్ళయింది మూసి?"

"ఏడాది దాటిందండి."

"నేనూ అంతే అనుకున్నాను. అతనికి చెప్పకండి."

"మామ్మగారూ, కాగితం ప్రకారం మీరు హాలు వెనక్కి తీసుకోవచ్చు..."

"తీసుకుని? నడిపేదెవరు? తాళం వస్తుంది నా చేతికి, రికార్డు పోతుంది. నాకు తెలియదనుకున్నన్నాళ్ళే వేయిస్తాడు బాబూ. తెలిసిందంటే మానేస్తాడు. నేనున్నన్నాళ్ళూ చెప్పకండి."

"అలాగేనండి" అన్నాను.

ఆఫీసులో నివేదిక రాశాను. హాలు ప్రదర్శనకి అనువుగా ఉన్నదనీ, తనిఖీ రోజున మ్యాటినీ వేళ హాజరై చూశాననీ. ఒక్కొక్క వాక్యం విడిగా చూస్తే అబద్ధం లేదు. డైరీలో మాత్రం 'ప్రేక్షకులు: ఒకరు' అని రాసి, సగం చీటీ ఆ పేజీలో అంటించాను. ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత రెండేళ్ళకి కాబోలు మామ్మగారు పోయింది. పన్నెండు రోజులయ్యాక లీజుగారు మా ఆఫీసుకి వచ్చారు. బల్ల ముందు కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"పదకొండో రోజు దాకా వేయించేనండి రికార్డు. ఇంకెవరికోసం వెయ్యాలో తెలీక ఆపేనండి." కొంచెంసేపు గొడుగు పిడి తిప్పుతూ నిలబడ్డారు. "ఆఖరి రోజున నా చెయ్యి పట్టుకున్నారండి. హాలు బాగా నడుపుతున్నావు అబ్బాయ్ అన్నారండి. ఆవిణ్ణి మోసం చేసేను గుమస్తాగారూ. కళ్ళు మూస్తే ఆ చెయ్యే."

ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెప్పనన్నాను. ఇప్పుడు ఆవిడ లేదు. ఒక్క మాట చాలు. మామ్మగారికి తెలుసునండీ, తెలిసే ఆ మాట అందండీ, అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. లోపల అధికారి గంట కొట్టారు, నాకోసం. "ఒక్క నిమిషమండీ" అని లేచాను. తిరిగొచ్చేసరికి ఆయన లేరు.

ఆ రోజు డైరీలో 'లీజుగారికి చెప్పవలెను' అని రాసుకున్నాను. నాది పద్ధతి ప్రకారం నడిచే బతుకు. చెయ్యవలసిన పనులు కొత్త డైరీ మొదటి పేజీలోకి ఎక్కించడం ఏటేటా జనవరి ఒకటిన చేసే పని. ఆ వరసా ఎక్కింది. ఇంటి పన్ను కట్టాను, గేటుకి రంగు వేయించాను, పింఛను కాగితాలు సరిచేయించుకున్నాను. అవన్నీ కొట్టేశాను. ఆ ఒక్క వరస మాత్రం ఏటా మళ్ళీ రాశాను. ఉత్తరం రాద్దామనుకుంటే ఇది ఉత్తరంలో రాసే సంగతి కాదనిపించింది. వెళదామనుకుంటే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారనిపించింది. ఏడాది గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదయింది.

మధ్యలో ఒకసారి అమలాపురం బస్టాండులో కనిపించారు. నేను బస్సులో కిటికీ పక్కన ఉన్నాను. ఆయన సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కారు. కుడి చెయ్యి బెంచీ కింద పెట్టి తడుముతున్నారు. చేతిని వెలుతురులోకి తెచ్చి చూసుకున్నారు. నేను లేవబోయాను. బస్సు కదిలింది. దిగవచ్చు. నేను వెళ్ళవలసిన కొత్తపేటకి బస్సులు గంటకి నాలుగున్నాయి. దిగలేదు.

సూర్రావు జనరేటరు చూసుకుని వచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నా పక్క కుర్చీలో అంచున కూర్చున్నాడు.

"లీజుగారి ఆఖరి నెలంతా నేనే దగ్గరున్నానండి. మనుషుల్ని పోల్చుకోవడం పోయిందండి. గడియారం చూడకుండా రెండుంబావు మట్టుకు తెలిసేదండి ఆయనకి. రికార్డు వేశావా సూర్రావూ అనేవారు. ఏ రికార్డండి, ఎక్కడండి? ఆయ్, వేసేనండి అనేవాణ్ణి. చెవి ఇలా పెట్టి వినేవారండి. కాసేపుండి, ఈలలు లేవేంట్రా, మామ్మగారికి తెలిసిపోతుందిరా అని భయపడేవారండి. పోయేరోజు కూడా అదే మాటండి."

పెళ్ళిపీటల దగ్గర మేళం ఆగింది. నాకు నా గొంతు వినపడింది.

"ఆవిడకి తెలుసు, సూర్రావూ."

"ఎవరికండి?"

"మామ్మగారికి. నేను చీటీ పట్టుకుని వచ్చిన రోజునే తెలిసిపోయింది. రికార్డు ఆపేస్తాడని, అతనికి చెప్పొద్దంది."

అతను గుడ్డ మడిచాడు. మళ్ళీ విప్పాడు. "మరి ఆవిడ పోయేక, ఆయనకి తమరు చెప్పలేదాండి?"

"చెప్పలేదు."

సూర్రావు నా మొహం చూశాడు. ఒక్క తిట్టైనా తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయ్" అన్నాడు. అని, లేచి జనరేటరు వైపు వెళ్ళిపోయాడు.

రెండు దాటింది. దంపతుల్ని దీవించడానికి పెద్దవాళ్ళు రావాలని మైకులో పిలిచారు. మా మేనకోడలు వచ్చి, "రండి మావయ్యా" అని చెయ్యి పట్టుకుంది. వాలులో దిగుతుంటే కాళ్ళు వాటంతటవే ముందుకు పడ్డాయి. మెట్లెక్కి, ఒకప్పుడు తెర ఉన్న చోటికి వెళ్ళాను. ఎవరో నా దోసిట్లో అక్షింతలు పోశారు.

"సార్, ఇటు తిరగండి, ఇటు" అన్నాడు ఫోటో తీసే అతను.

తిరిగాను. వీడియో లైటు హాలంతా పడింది. వరసలు వరసలుగా మొహాలు, అన్నీ ఇటే చూస్తున్నాయి. ఒకావిడ పిల్లని భుజాన వేసుకుని లేచింది. మూడో వరసలో ఒక ముసలాయన నోరు బిగించుకుని కూర్చున్నాడు. వెనక, ఆ కన్నాల కింద, పెళ్ళికొడుకు స్నేహితుడెవరో రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని గట్టిగా ఈల వేశాడు.

మావయ్యా, వెయ్యండి, అంటోంది మా మేనకోడలు. అక్షింతలు నా చేతిలోనే ఉన్నాయి.